గుడ్డుకు గడి లేని పట్టిక

ఆ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఇద్దరు పిల్లల జ్వరాన్ని ఒకే థర్మామీటరుతో చూశాను. మా మనవరాలికి నూట ఒకటి పాయింట్ రెండు. మా ఇంటి వెనక వాటాలో అద్దెకున్న ఆమె కూతురికి నూట ఒకటి పాయింట్ నాలుగు. ఇద్దరికీ ఎనిమిదేళ్లే. ముందునాటి సాయంత్రం మా వసారా మెట్ల మీద కూర్చుని ఒకే మామిడికాయ ముక్కను వంతులు వేసుకుని కొరికారు. జలుబు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చలేను గానీ, ఇద్దరిదీ ఒకే జలుబన్నది నిశ్చయం. ఆ రెండు అంకెలనూ నా నోటు పుస్తకంలో ఒకే పేజీ మీద పక్కపక్కన రాశాను.

మనవరాలు నాలుగో రోజున బడికి వెళ్లింది. పేజీలో ఆమె వైపు వరుస అక్కడితో ఆగింది. రెండో పాప వరుస కిందికి దిగుతూనే పోయింది. చోటు చాలక పేజీ తిప్పాను. ఆ పాపకు జ్వరం పూర్తిగా విడిచింది పంతొమ్మిదో రోజున. విడుస్తూ ఎడమ చెవిలో చీమునూ, పెదవుల మూలల్లో పగుళ్లనూ వదిలి వెళ్లింది.

ఈ రెండు అంకెల మధ్య పదిహేను రోజుల తేడా ఉంది. ఆ పదిహేను రోజులు నన్ను ఇవాళ్టికీ కుదురుగా కూర్చోనివ్వవు.

భూసార పరీక్షా కేంద్రంలో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. రైతులు గుడ్డసంచుల్లో తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, అందులో ఇనుము ఎంత, జింకు ఎంత అని కొలిచి కాగితం రాసివ్వడం నా ఉద్యోగం. వేరుశనగ చేను తెల్లబారిందని వచ్చినవాడికి ఇనుము కోసం అన్నభేది పిచికారీ రాసిచ్చేవాళ్లం. వరి ఆకు మీద తుప్పు మచ్చలుంటే జింకు సల్ఫేటు. ఆకు రంగును బట్టి నేల కొరతను చెప్పగలిగినవాణ్ణి, రెండేళ్లుగా మా పెరట్లో తిరుగుతున్న పిల్ల ముఖం మాత్రం చూడలేదు. చూపించింది మా ఆవిడ.

"ఏమండీ, ఆ పాప కింది రెప్ప లాగి చూడండి. మన పిల్ల రెప్ప కూడా లాగి చూడండి. మీకు పోలిక ఉంటే గానీ నమ్మకం కుదరదు కదా" అన్నది.

పోల్చి చూశాను. రంగుకు అంకె ఉండదు కాబట్టి పుస్తకంలో రాయలేదు. కానీ ఒక రెప్ప లోపల దానిమ్మ గింజ రంగు ఉంది. రెండోదాని లోపల ఏ రంగూ లేదు.

ఆ పాప తల్లి తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు ఊడ్చి, తుడిచి, దుప్పట్లు మార్చే పని చేసేది. ఉదయం ఏడింటికి వెళితే సాయంత్రం నాలుగింటికి వచ్చేది. భర్త లారీ డ్రైవరు. నెలకు రెండుసార్లు వచ్చి రెండేసి రోజులుండేవాడు. వాటా ఇచ్చిన రోజున నేను ఆమెకు చెప్పిన షరతులు మూడు: నీళ్ల మోటారు నేను వేసినప్పుడే పట్టుకోవాలి, పదింటికి గేటు మూస్తాను, ఇంట్లో నీసు వండకూడదు, గుడ్డు కూడా. మా వీధిలో సగం ఇళ్లలో ఉన్న షరతే అది. "అట్లే సామీ" అన్నది ఆమె. నేను రెండోసారి అడగలేదు, ఆమె రెండోసారి చెప్పలేదు.

ఆమెకు నేనొక మేలు కూడా చేశాను. జ్వరానికి ముందటి ఏడాది జూన్‌లో, ఆ పాపను సర్కారు బడి మాన్పించి మా వీధి చివరి ఇంగ్లీషు మీడియం బడిలో చేర్పించాను. ప్రధానోపాధ్యాయుడు నాకు తెలిసినవాడు. అక్కడ మధ్యాహ్నం భోజనం పెట్టరు. పిల్లలు ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోవాలి. ఆ తేడాను నేను తేడాగా లెక్కించలేదు.

ఇక జూలై. పంతొమ్మిది రోజుల జ్వరం విడిచిన రెండు వారాలకే ఆ పాపకు మళ్లీ దగ్గు పట్టుకుని ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ తొమ్మిది. బరువు పంతొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. ఇంటికి పంపే రోజున నేనూ వెళ్లాను. డాక్టరమ్మ నడివయసు మనిషి; మాటను తూచి మాట్లాడేది.

"హిమోగ్లోబిన్ కనీసం పదకొండున్నర ఉండాలి. అది లేక, జింకు లేక, ఈ పాప ఒంట్లో కాపలా పడుకొనుంది. అందుకే వచ్చిన జబ్బల్లా లోపలికి దూరుతోంది. ఈసారి త్వరగా పట్టుకున్నాం. వానలు ముదిరేలోగా రక్తమూ బరువూ పెరగాలి. ఇట్లాగే ఉండి మళ్లీ నిమ్ము చేస్తే నేను ఏ మాటా ఇవ్వలేను" అన్నది.

మాకు పెద్ద వానలు అక్టోబరు చివర మొదలవుతాయి. అంటే నాకున్నవి పద్నాలుగు వారాలు.

డాక్టరమ్మ చెబుతుండగా నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికొచ్చి స్కేలు పెట్టి పట్టిక గీశాను. తేదీ. ఇనుము సిరప్పు ఐదు మిల్లీలీటర్లు, ఉదయం ఆరున్నర, నిమ్మరసంతో. జింకు బిళ్ల, సాయంత్రం ఐదు. ఆకుకూర. పప్పు. బెల్లం. టీ నిషేధం, అది ఇనుమును ఒంటికి ఎక్కనివ్వదు. ప్రతి ఆదివారం బరువు. సిరప్పు నేనే మా వసారాలో, నా ఎదుటే తాగించేవాణ్ణి. సీసా మీద పెన్నుతో గీత పెట్టి, ఏడు రోజులకు ఎంత దిగాలో అంత దిగిందో లేదో చూసేవాణ్ణి. ముప్పై అయిదు మిల్లీలీటర్లు. ఎన్నడూ తప్పలేదు.

తప్పింది ఆదివారాలు. సిరప్పు తాగించగానే ఆమె పాపను తీసుకుని చంద్రగిరి బస్సెక్కేది. అక్కడ ఆమె అక్క ఉంటుంది. తిరిగి వచ్చేసరికి ఏడు. జింకు గడి ఖాళీ, బరువు గడి ఖాళీ. మూడు ఆదివారాలు చూశాను. నాలుగో ఆదివారానికి ముందురోజున పిలిచాను.

"ఆ బస్సుల్లో పాపను తిప్పొద్దమ్మా. నూరుమంది దగ్గుతుంటారు. మందు కూడా తప్పుతోంది. చంద్రగిరి ఎక్కడికైనా పారిపోతుందా?"

"మా యక్క బిడ్డను సూడాలంటాది సామీ."

"అక్కనే ఇక్కడికి రమ్మను."

ఆమె చిన్నగా నవ్వింది. "ఈడికొచ్చి అదేం జేస్తాది సామీ" అన్నది.

లోపలి నుంచి మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నేను ఆ చూపును, ఆ నవ్వును రెంటినీ పట్టించుకోలేదు. ఆ మర్నాటి నుంచి చంద్రగిరి ప్రయాణాలు ఆగిపోయాయి. వరుసగా తొమ్మిది ఆదివారాలు నా పట్టికలో ఒక్క గడీ ఖాళీగా లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అంత నిండైన పట్టిక నా చేతి మీదుగా వెళ్లిన గుర్తు లేదు.

సెప్టెంబరు నెలాఖరున రెండో పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ ఒకటి. బరువు పంతొమ్మిది కిలోల నూరు గ్రాములు. ఆదివారాల బరువు కొద్దికొద్దిగా దిగుతుంటే అది కాటా తేడా అనుకుంటూ వచ్చాను. పదకొండు వారాల శ్రమకు పెరిగింది సున్నా పాయింట్ రెండు. తగ్గింది మూడు వందల గ్రాములు. ల్యాబువాళ్లు పొరబడి ఉంటారని వేరే చోట మళ్లీ చేయించాను. ఎనిమిది పాయింట్ సున్నా. ఇక అనుమానం మనిషి మీదికి మళ్లింది. నాలుగున్నరకు, ఆమె పని నుంచి వచ్చిన అరగంటకు, వెనక వాటా గుమ్మంలో నిలబడ్డాను.

"నిజం చెప్పమ్మా. పాపకు టీ పోస్తున్నావా?"

"లేదు సామీ. మీరు వద్దనినాక ఒక సుక్క పోసింటే ఒట్టు."

"మందు కక్కేస్తోందా?"

"మీరే గదా సామీ తాపేది. మీ ముందరే గదా మింగేది."

"అయితే అంకె ఎందుకు పెరగలేదు?"

 మంచం మీద హోంవర్కు రాసుకుంటున్న పాప తలెత్తి, "తాతా, నేను ఫెయిలైనానా?" అని అడిగింది.

"నువ్వు కాదులే" అన్నాను. మరి ఎవరన్నది నాకూ తెలియలేదు.

మర్నాడు ముగ్గురమూ ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. నేను పట్టికను బల్ల మీద పరిచాను. డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్క వరుసా చదివింది. "మందు ఇంత పద్ధతిగా వేసినవాళ్లను నేను చూడలేదు" అన్నది. ఆ మాటకు నా వెన్ను నిటారుగా అయిన సంగతి దాచడం అనవసరం. తరవాత ఆమె వేలు పట్టిక పైవరుసకు వెళ్లి, ఎడమ నుంచి కుడికి జరిగి, మళ్లీ ఎడమకు వచ్చింది.

"గుడ్డు ఎక్కడ?"

నేనూ వంగి ఆ పైవరుసలో వెతికాను.

"తిండిలో మొదట రాసిందే గుడ్డు కదా" అంటూ డాక్టరమ్మ జూలై నాటి తన చీటీని ఫైలు నుంచి తీసి నా పట్టిక పక్కన పెట్టింది. రోజుకొక గుడ్డు. వారానికి ఒకసారి కార్జం గానీ మాంసం గానీ. ఆకుకూర. పప్పు. ఆమె చీటీలో తిండికి నాలుగు అంశాలున్నాయి. నా పట్టికలో చివరి రెండే ఉన్నాయి; బెల్లం నేను కలిపింది.

ఆ రోజు నేను వినలేదని చెప్పలేను. స్పష్టంగా విన్నాను. చెయ్యి రాయలేదు. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్క నమూనా అంకెను కూడా వదలని చెయ్యి, మా ఇంట పలకని మాట కాబట్టి దాన్ని దాటుకుని పక్క మాటకు వెళ్లిపోయింది. దాటినట్టు నాకే తెలియలేదు.

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "పాపకు గుడ్డు పడదా?"

"పడతాది మేడం. ఇష్టంగా తింటాది."

"మరి ఎందుకు పెట్టలేదు?"

ఆమె నేల చూస్తూ, "ఉండే ఇంట్లో కుదరదు మేడం" అన్నది. ఎవరి ఇల్లని చెప్పలేదు. నా వైపు చూడలేదు.

"మీరు పాపకు ఏమవుతారు? తాతగారా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"ఇంటి యజమానిని" అన్నాను.

 డాక్టరమ్మ కోపం లేకుండా విడమరిచి చెప్పింది. ఒంట్లో ఏదో ఒక జబ్బు మిగిలి ఉన్నంతకాలం, క్రిములకు దక్కకూడదని ఒళ్లు ఇనుమును తలుపులు మూసి దాచుకుంటుందట. మందుగా పోసింది కూడా సరిగా లోపలికి ఎక్కదట. ఇనుము, జింకు, మాంసకృత్తులు లేనంతకాలం జబ్బు పోదు. జబ్బు పోనంతకాలం ఇనుము ఎక్కదు. "ఈ చుట్టును మందు ఒక్కటే తెంచలేదు, పెద్దాయనా. తిండి కూడా కలవాలి" అన్నది.

 మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడతో జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. అదే నన్ను మరింత కలవరపెట్టింది.

"నీకు ముందే తెలుసా?"

"ఆదివారాలు చంద్రగిరిలో వాళ్ల పెద్దమ్మ కార్జం వేయించి పెట్టేది. రెండు గుడ్లు ఉడకేసి పెట్టేది. ఆ పిల్లే నాకు చెప్పింది, మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. బస్సులో జనం దగ్గుతారని మీరు ఆపించినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే ఏం చేసిందురు? ఇల్లు ఖాళీ చేయమందురు."

"అనకపోయి ఉండవచ్చు."

"ఆ 'వచ్చు' మీద బిడ్డను పెట్టుకుని ఆమె ఎట్లా నిలబడేది?" అని మజ్జిగ పోసింది. "నా వంతు తప్పు కూడా ఉందిలెండి. గుడ్డు వాసన నాకు కడుపులో తిప్పుతుంది. అది నా నోరు మూయించింది."

ఆ మధ్యాహ్నం నేను పడుకోలేదు. అద్దం ముందు కూర్చున్నట్టు బల్ల ముందు కూర్చున్నాను. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనంతో వారానికి ఐదు గుడ్లు పెట్టేవారని ఆ పాప నోటనే విన్నాను. బడి క్యాలెండరు తీసి, సెలవులు కొట్టేసి, పాప రాని రోజులకు కొంత తగ్గించి లెక్క కట్టాను. నేను చేసిన మేలు వల్ల ఒక విద్యా సంవత్సరంలో ఆ పిల్లకు పోయిన గుడ్లు నూట డెబ్బై రెండు. నేను ఆపిన తొమ్మిది ఆదివారాలకు మరో పద్దెనిమిది. మొత్తం నూట తొంభై. రెండు వేర్వేరు రోజుల్లో, రెండు మంచి ఉద్దేశాలతో, నేను ఆ కంచం నుంచి తీసేసినవి అవి.

ఇంకో ప్రశ్న మిగిలింది. మా మనవరాలు కూడా గుడ్డు తినదు కదా, ఆమెకు ఏ లోటూ రాలేదెందుకు? మూడు రోజులపాటు ఇద్దరి తిండీ రాశాను. మనవరాలు రోజుకు అర లీటరు పాలు తాగింది. పెరుగు, నెయ్యి, నానబెట్టిన బాదం ఎనిమిది, ఖర్జూరాలు నాలుగు, రెండు రకాల పప్పు, ఒక పండు. ఆ పాప తిన్నది రేషను బియ్యపు అన్నం మూడు పూటలు, చింతపండు చారు, ఉర్లగడ్డ వేపుడు, మా ఇంటి నుంచి పంపిన ఆకుకూర. రాగి సంగటి కెలకడానికి తల్లికి వారంలో ఒక్క పూటే తీరిక. మా నియమం మా ఇంట్లో ఏ కొరతా చేయలేదు, ఎందుకంటే అది తీసేసినదాన్ని పూడ్చడానికి మా అలమరలో పది డబ్బాలున్నాయి. వెనక వాటాలో అదే నియమం తీసేసిన చోట పూడ్చడానికి ఏమీ లేదు.

మా ప్రయోగశాలలో మట్టిలో ఉన్న మొత్తం ఇనుమును మేం కొలిచేవాళ్లం కాదు. సున్నపు నేలలో ఇనుము బోలెడుంటుంది; వేరుకు మాత్రం అందదు. అందుకని లభ్యమయ్యేదాన్నే కొలిచేవాళ్లం. తిరుపతిలో ఏ సందులో చూసినా కోడిగుడ్లు అట్టల మీద అట్టలుగా ఉంటాయి. లభ్యత గురించి ఇతరులకు కాగితాలు రాసిచ్చిన మనిషికి ఇది తట్టడానికి పదకొండు వారాలు పట్టింది.

ఆ మూడు రోజుల మర్నాడు సాయంత్రం పాప తల్లిని పిలిచి, షరతు సడలిస్తున్నానని చెప్పాను. ఆ సడలింపుకు కూడా నేను ఒక కాగితం రాశానని చెప్పుకోవాలి. గుడ్డు ఉడకబెట్టడమే గానీ వేయించకూడదు. వేరే గిన్నె, వేరే పొయ్యి, మేడ మీద. మధ్యాహ్నం పన్నెండు దాటాక. పెంకులు కాగితంలో చుట్టి బయటి తొట్టిలో వేయాలి. శనివారాలు, ఏకాదశులు, శుక్రవారాలు మినహాయింపు. అప్పటికి, స్వామి పేరున చాలామంది నీసు మానే పెరటాసి నెల నడుస్తోంది. అది ముగిసేదాకా బుధవారాలు కూడా వద్దని మా ఆవిడ కోరింది. చదివి వినిపించాను. పాప తల్లి నిలబడే విన్నది.

"పన్నెండుకు నేను లాడ్జిలో ఉంటాను సామీ."

"అయితే సాయంత్రం పెట్టుకో."

"పాపకు సాయంత్రం ట్యూషను." ఆమె వేళ్లు ముడిచింది. "ఆ దినాలన్నీ తీసేస్తే వారానికి నాలుగు. ఏకాదశి వచ్చే వారం మూడు. బడిలో ఐదు పెడ్తాండ్రి సామీ."

ఆమె వేళ్ల మీద వేసిన లెక్క సరిగ్గా ఉంది. నేను కాగితం మడిచి, "అయితే నువ్వే చెప్పు" అన్నాను.

"మీరు మంచోళ్లు సామీ. మందు పోసినారు, ఆటో ఎక్కించినారు. నా బిడ్డను కన్నబిడ్డ మాదిరి సూసినారు. నేనొకటి సెప్తే ఏమనుకోవద్దండి. మీ మేడ మీద నేను గుడ్డు ఉడకేస్తా ఉంటే, కింద అమ్మ ముక్కు మూసుకుంటా ఉంటే, ఆ గుడ్డు నా బిడ్డకు అరగదు సామీ."

అక్టోబరు పదో తేదీన వాళ్లు వాటా ఖాళీ చేశారు. చంద్రగిరిలో అక్క ఇంటి పక్క గది. పాప మళ్లీ సర్కారు బడిలో చేరింది; తల్లి అక్కడి నుంచే లాడ్జికి బస్సులో వచ్చి వెళ్లేది. వెళ్లే ముందు ఆమె మా ఆవిడ కాళ్లకు మొక్కింది. మిగిలిన మందు సీసాను నాకు చూపించి, "గీత మీరు పెట్టినట్టే పెడ్తాను" అన్నది. పట్టిక తీసుకెళ్లమన్నాను. మడిచి బట్టల మూటలో పెట్టుకుంది.

ఆ తరవాత నెల రోజులు నా దగ్గర ఏ అంకే లేదు. వానలు మొదలయ్యాయి. వీధిలో ఏ పిల్ల దగ్గినా కిటికీ దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఫోన్ చేయాలని తీసి, ఏ హక్కుతో అడగాలో తోచక పెట్టేసేవాణ్ణి. "మీరు మెట్లెక్కి దిగుతున్నది ఎన్నిసార్లో అదీ రాయండి" అని మా ఆవిడ దెప్పింది.

నవంబరు రెండో గురువారం ఉదయం ఆమె నుంచే ఫోన్ వచ్చింది.

"సామీ, పాపకు జొరం. ఈ పొద్దుటికి ఐదో దినం. దగ్గు ఉండాది. నర్సమ్మ వచ్చి సూసింది. నిద్రబోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిమార్లు ఊపిరి తీస్తాదో లెక్కపెట్టమనింది. ముప్పై దాటితే ఆగకుండా పెద్దాసుపత్రికి ఎత్తుకుపొమ్మనింది. నాకు గడియారం సూస్తే ఊపిరి తప్పిపోతాది, ఊపిరి సూస్తే గడియారం తప్పిపోతాది. ఒకసారి వస్తారా సామీ?"

పదకొండు ఇరవైకి బస్సు దొరికింది. దారంతా వాన. చంద్రగిరిలో దిగి, కోట గుట్ట వైపు సందులో రేకుల ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి గొడుగున్నా మోకాళ్ల దాకా తడిశాను. అక్క కుర్చీ తుడిచి వేసింది. పాప గోడకు ఆనుకుని దుప్పట్లో కూర్చుని ఉంది. కంచంలో సగం తిన్న సంగటి, గుడ్డు ముక్కలు. జ్వరం నూరు పాయింట్ ఆరు. పాప మెలకువగా ఉండగానే లెక్క మొదలుపెట్టాను. ఇరవై ఎనిమిది. రెండోసారి ముప్పై ఒకటి.  మూడోసారికి పాప కిసుక్కున నవ్వింది.

"తాతా, నువ్వట్ల గుడ్లప్పగించి సూస్తా ఉంటే నాకు ఊపిరి ఎట్లొచ్చేది? అట్లా తిరుక్కో."

"ఏయ్, పెద్దాయనతో అట్లనా మాట్లాడేది!" అని తల్లి గదిమింది.

"బిడ్డ సెప్పింది న్యాయమే గదే" అన్నది అక్క. "నన్నెవురన్నా అట్ల సూస్తే నాకూ ఆగిపోతాది."

కుర్చీని వాకిలి వైపు తిప్పుకుని, పాప నిద్రపోయేదాకా వాన చూస్తూ కూర్చున్నాను. రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు నిద్రపోయింది. మూడుసార్లు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు.

"ముప్పైకి ఎంత దూరం సామీ?" అని తల్లి గుసగుసగా అడిగింది.

"అయిదో ఆరో."

"అది సాలునా?"

"ఈ గంటకు చాలు. గంటగంటకూ చూడాలి."

నేను రాత్రంతా అక్కడ ఉండలేను. అక్కను అడిగి గుప్పెడు చింతగింజలు తెప్పించాను. పాప తల్లి సెల్‌ఫోన్‌లో ఒక నిమిషానికి గంట మోగేలా పెట్టాను. గడియారం చూడనక్కర్లేదు, అంకె కూడా పలకనక్కర్లేదు. పాప ఛాతీ లేచినప్పుడల్లా ఒక గింజ పక్కకు నెట్టాలి, ఫోన్ మోగగానే ఆపాలి, తరవాత గింజలు లెక్కపెట్టాలి. ఆమె ఒకసారి చేసింది. ఇరవై నాలుగు గింజలు. నేను ఒకపక్క మనసులో లెక్కించింది కూడా అంతే.

ఐదింటి బస్సెక్కాను. తిరుపతి చేరకముందే ఫోన్ మోగింది. "ఇరవై మూడు సామీ" అన్నది. ఆరింటికి ఇరవై అయిదు. ఏడింటికి ఇరవై మూడు. నేను అడగకుండానే ప్రతిసారీ తనే చేసింది.

జ్వరం ఎనిమిదో రోజున విడిచింది. ఊపిరితిత్తులకు దిగలేదు. డిసెంబరు మొదటి వారంలో రక్తపరీక్ష చేయించి, లాడ్జి పని నుంచి వెళుతూ ఆ కాగితాన్ని మా ఇంటికి తెచ్చి చూపింది. హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఆరు. బరువు ఇరవై కిలోల మూడు వందల గ్రాములు.

"పెరిగింది గదా సామీ" అన్నది.

పెరిగింది. ఉండవలసినదానికి ఇంకా ఒకటి పాయింట్ తొమ్మిది తక్కువ. ఆమె బస్సుకు వేళైందని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం టీవీలో, బంగాళాఖాతంలో మరో అల్పపీడనం ఏర్పడిందనీ, శనివారం నుంచి మళ్లీ వానలనీ చెప్పారు.